తీసేసినా తిరిగొచ్చే ఫోల్డర్లు

వల్లూరు సోలార్ పార్కులో ప్యానెల్లు కడిగించే కాంట్రాక్టరుకు ఒక ఆఫీసుంది. ఆఫీసు అనడం మర్యాద కోసమే. రేకుల కప్పు వేసిన ఒకే ఒక్క గది, దాని ముందు మనిషి కాళ్ళు చాపుకునేంత వరండా. గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక పాత కంప్యూటరు, గోడవారగా నిలబెట్టిన తుడుపు కర్రలు. మధ్యాహ్నం అన్నాల వేళ ఆ గది సత్రం అవుతుంది. చుట్టుపక్కల కనుచూపు మేరా ప్యానెల్లే తప్ప చెట్టు నీడ లేదు కాబట్టి, కడిగే ఆడవాళ్ళందరూ టిఫిన్ డబ్బాలు పట్టుకొని అక్కడికే వస్తారు. ఫోన్లు చార్జింగుకు పెడతారు, నడుములు వాలుస్తారు, ఊళ్ళో సంగతులు ఆరబోస్తారు. వాళ్ళ మధ్య బల్ల ముందు కుర్చీలో కూర్చునేది సవిత.

సవిత పుట్టిల్లు మంగళవాడ. తండ్రి కృష్ణప్ప వానను నమ్ముకుని వేరుశనగ వేసే రైతు. వాన కరుణించిన ఏడాది కాయలు, కరుణించని ఏడాది కాయల్లేని కట్టె. రెంటినీ ఒకే ముఖంతో ఇంటికి తోలుకొచ్చే మనిషి. కూతురు చదువుతానంటే వద్దనలేదు. వై.ఎన్.హొసకోట బస్సు ఎక్కి ఆమె పి.యు.సి. దాకా, అంటే ఇంటరు దాకా చదివింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం కావడంతో ఆమెకు ఈనాటికీ ఒక అలవాటుంది. కూడికలు కన్నడంలో చేస్తుంది, కోపం వస్తే తెలుగులో తిడుతుంది. ఆ కంప్యూటరు ఈ రెండూ చాలాసార్లు విన్నది.

వల్లూరు దేవరాజ్‌ను పెళ్ళాడి వచ్చేనాటికి అత్తవారి పొలం ఇంకా పొలంగానే ఉండేది. కొన్నాళ్ళకు ఊరందరితో పాటు వాళ్ళూ దాన్ని పార్కుకు గుత్తకిచ్చారు. నాగళ్ళు అటకెక్కాయి. దేవరాజ్ ట్రాక్టరుకు నీళ్ళ ట్యాంకు తగిలించి ప్యానెల్లు కడిగే చోటికి తోలసాగాడు. అతని చిన్నాయన చిక్కన్న ఖాకీ చొక్కా తొడుక్కుని గార్డయ్యాడు. సవిత పొడుగు కర్ర తుడుపు పట్టుకొని కడిగే గ్యాంగులో చేరింది. తమ పొలం ఉన్న చోటు ఆమెకు తెలుసు. గుర్తులన్నీ చెరిగిపోయినా, ఒక వరుస దగ్గర నేల కాస్త వాలుగా ఉంటుంది. అక్కడ పోసిన నీళ్ళు పూర్వం పారిన దిక్కుకే పారతాయి. దాన్ని చూసి ఆమె దిగులు పడేది కాదు. చూసి, గుర్తుపట్టి, పక్క వరుసకు పోయేది.

గ్యాంగు నుంచి కుర్చీకి ఆమె తనంతట తాను రాలేదు. కంప్యూటరు తెచ్చి పెట్టిన రోజు సూపర్‌వైజరు నందీష్ వరండాలో నిలబడి, పి.యు.సి. చదివిన వాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు. సవిత తల దించుకుంది. ఆమె వెనక నిలబడ్డ హొన్నమ్మ, గ్యాంగులో అందరికన్నా పెద్దది, నోట్లో ఆకువక్క పక్కకు నెట్టి అరిచింది.

"ఈ సవిత చదివిండాది సార్! ఊరికే కర్ర పట్టుకోని నిలబడిండాది. తీస్కపో, మాకు జాగా అయినా మిగుల్తాది."

అలా మొదలైంది. పని పెద్ద చిక్కుదేమీ కాదు. సాయంత్రం గ్యాంగులు తిరిగొచ్చాక, ఎవరు ఏ వరుసలు కడిగారు, ఎక్కడ అద్దం పగిలింది, ఎక్కడికి నీళ్ళు అందలేదు అన్నది ఒక్కొక్కరినీ అడిగి కంప్యూటర్లో ఎక్కించాలి. తరువాత దాన్ని పావగడలోని పెద్దాఫీసుకు పంపాలి. దాన్ని చూసి మర్నాటి పని వాళ్ళు నిర్ణయిస్తారు. సిగ్నలు అంతంతమాత్రం కనుక పంపడమే ఆలస్యం. పంపడం మొదలుపెట్టి, అది పూర్తి కాగానే కంప్యూటరు తనంతట తాను ఆగిపోయేలా పెట్టి, గదికి తాళం వేసి సవిత అందరితో పాటు టెంపో ఎక్కేది. మర్నాడు పొద్దున వచ్చేసరికి కంప్యూటరు ఆగి ఉండేది. అంటే అన్నీ సవ్యంగా చేరినట్టే.

ఆ పని ఆమెకు నచ్చింది. ఎందుకు నచ్చిందని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది గాని, ఆడవాళ్ళు ఒళ్ళు వంచి చేసిన పని సాయంత్రానికి ఎక్కడో ఒకచోట చేరి నిలుస్తుందన్నది ఆమెకు గొప్ప నెమ్మదినిచ్చేది. చేను కడుపు నిండా తడిసినప్పుడు రైతు ముఖంలో కనిపించే నెమ్మది లాంటిది అది.

శివరాత్రి దాటి ఎండలు ముదిరేటప్పటికి ఆ నెమ్మది చెదిరింది.

మొదట కంప్యూటరు పొద్దున నేరుగా తెరుచుకోవడం మానేసింది. మీట నొక్కితే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చి, తాపీగా లెక్కపెట్టుకుంటూ పోయేవి. అది అయ్యాక తెరుచుకునేది. తెరుచుకున్నాక లోపల ఆమె చేయని ఫోల్డర్లు కనిపించేవి. రంగు వెలిసినట్టు మసకగా, 'ఫౌండ్' అని పేరు, పక్కన సున్నాలు. లోపల చిన్న చిన్న ఫైళ్ళు. నొక్కితే తెరుచుకోవు. ఆమె వాటిని తీసేసేది. మర్నాడు పొద్దున మళ్ళీ ఉండేవి.

ఆమె వై.ఎన్.హొసకోట నుంచి భరత్‌కుమార్‌ను పిలిపించింది. బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే అంగడి అతనిది. వచ్చి, కంప్యూటరు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"ఏందక్కా, దీనికి పూజ చేస్తాండావా, పని చేపిస్తాండావా? మా నాయన పెండ్లినాటిది మాదిరుండాది."

"కొత్తది తెచ్చి ఈడ పెట్టి దీన్ని నువ్వే తీస్కపో. మీ నాయనకిచ్చేయ్," అంది సవిత.

భరత్‌కుమార్ నవ్వి కుర్చీలో కూర్చున్నాడు. మసక ఫోల్డర్లు చూశాడు. కాసేపు గెలికి, రోగం దొరికిన వైద్యుడిలా వెనక్కి వాలాడు.

"ఇవి నువ్వు చేసినవి గాదు. సిస్టమే చేసుకుంటాండాది. లోపల డిస్కును తనిఖీ చేసే సర్వీసొకటి ఉంటాది. అది ఊరికే తవ్వి తవ్వి ఈ మన్నంతా పోస్తాండాది. దాన్ని ఆపేస్తే సరి."

సవిత అతని భుజం వెనక నిలబడి, ఏది నొక్కాడో, ఏ వరుసలో ఏ మాట పక్కన ఏ మాట మార్చాడో జాగ్రత్తగా చూసింది. సర్వీసు ఆగింది. ఫోల్డర్లు పోయాయి.

"ఇంక రావు. వస్తే నా పేరు మార్చుకుంటా," అని భరత్‌కుమార్ బండెక్కాడు.

మర్నాడు పొద్దున నల్ల తెర, తెల్ల అక్షరాలు, తాపీ లెక్క. తెరుచుకున్నాక మసక ఫోల్డరు, నిన్న ఏమీ జరగనట్టు, అదే చోట. సవిత ఫోను తీసింది.

"భరతన్నా, నీకు ఏం పేరు పెట్టుకుందామని ఇంట్లో అడుగుతాండారు."

"మల్లా వచ్చినాయా? సర్వీసు ఆపే ఉండాదా చూడు."

"ఆపే ఉండాది. చూసే ఫోను చేస్తాండా. అది లేకున్నా పొద్దున నల్ల తెర తానే తనిఖీ చేస్తాండాది."

"అయితే వైరస్సు అక్కా. ఫార్మాట్ కొట్టాల్సిందే. అంతా తుడిచేసి మల్లా కొత్తగా ఎక్కిస్తా."

"తుడిచేది మా పని, నీది గాదు," అని సవిత ఫోను పెట్టేసింది. ఎగతాళిగా అన్నదే గాని, అంతా తుడిచేయడం అన్న మాట ఆమెకు రుచించలేదు. ఎందుకు వస్తున్నాయో తెలియకుండా తుడిచేస్తే, తెలియకుండానే మళ్ళీ వస్తాయి కదా అనిపించింది. తుంగను పైపైన కోసి చేను శుభ్రమైందనుకునే వాణ్ణి వాళ్ళ నాన్న మనిషి కింద లెక్కపెట్టేవాడు కాదు.

ఫోల్డర్లు ఊరికే వచ్చి కూర్చుంటే ఆమె వాటి జోలికి పోయేది కాదు. కానీ వాటితో పాటు ఇంకొకటి జరుగుతోంది. సాయంత్రం ఎక్కించినదాంట్లో కొంత పావగడకు చేరడం లేదు. పొద్దున చూసుకుంటే చివర ఎక్కించిన వరుసలు కంప్యూటర్లో కూడా ఉండటం లేదు. పావగడ వాళ్ళకు అవి కడగని వరుసలు. కాబట్టి వాటిని కడగమని మళ్ళీ ఆడవాళ్ళనే పంపేవారు. ఒకనాడు హొన్నమ్మ తడి కర్ర భుజాన వేసుకుని గది గుమ్మంలో నిలబడింది.

"ఏం మ్మే సవితా, నిన్న కడిగిందే ఈ పొద్దు మల్లా కడగమన్నారంట. అవి ఏమన్నా పెండ్లికూతుర్లా, దినాము తలంటు పోసేదానికి?"

"నేను ఎక్కించినా అక్కా. నీ కండ్ల ముందే ఎక్కించినా గదా!"

"ఎక్కించినావు. యాడికి ఎక్కించినావో ఏమో, అది దిగిపోయిండాది." హొన్నమ్మ గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువుంది. "నిన్ను అనేది లేదు లే. ఈ డబ్బాకి దిష్టి తగిలిండాది. అందురూ వచ్చి దాని మొగం చూసేవాళ్ళే."

సాయంత్రానికి హొన్నమ్మ నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి తెచ్చి కంప్యూటరు మూలకు కట్టేసింది. సవిత అడ్డు చెప్పలేదు. ఆ కుర్చీలో తనను కూర్చోబెట్టింది హొన్నమ్మే. నిమ్మకాయ కట్టే హక్కు ఆమెకు ఉంది.

నిమ్మకాయ వాడింది గాని ఫోల్డర్లు ఆగలేదు.

నందీష్ ఒక మధ్యాహ్నం మోటారు సైకిలు దిగి, టోపీ తీసి చేతిలో తిప్పుకుంటూ లోపలికి వచ్చాడు. సవిత కన్నా చిన్నవాడు, మర్యాదస్థుడు. చెడ్డ మాట చెప్పాల్సి వస్తే టోపీ తిప్పుతాడని ఆమెకు తెలుసు.

"సవితక్కా, పావగడలో అడుగుతాండారు. దినాము ఏదో ఒకటి తక్కువ వస్తాండాదంట."

"నాకూ తెలుసు సార్. కారణమే దొరకలేదు."

"నెలాఖరుకు మీటింగుండాది. అంతలోపల సరిగ్గా కాలేదంటే ఎంట్రీ పని ఆడికే తీసుకుంటారంట. ఫోన్లో అడిగి వాళ్ళే ఎక్కించుకుంటారు." టోపీ రెండు చుట్లు తిరిగింది. "ఈ రూము పైపులు పెట్టుకునేదానికి ఇమ్మంటాండారు."

"మరి నేను?"

"నువ్వు మల్లా గ్యాంగులో. లీడరుగా పెడతాం లే అక్కా."

కర్ర పట్టుకోవడం సవితకు చిన్నతనం కాదు. పట్టుకున్నదే, మళ్ళీ పట్టుకోగలదు. ఆమెకు బాధ కలిగించింది వేరు. ఫోన్లో అడిగేవాడికి హొన్నమ్మ ఎవరో తెలియదు. నీళ్ళు అందక సగం వదిలిన వరుసకు, ఒళ్ళు బరువెక్కి వదిలిన వరుసకు తేడా తెలియదు. పైపులతో నిండిన గదిలో ఎవరూ నడుము వాల్చలేరు. ఇది తన కుర్చీ ఒక్కదాని సంగతి కాదని ఆమె అప్పుడు గ్రహించింది. కుర్చీ సంగతి కూడా కాకపోలేదు.

ఆ సాయంత్రం ఇంటికి పోయేముందు, తెరుచుకోని ఆ ఫైళ్ళలో ఒకదాన్ని ఉత్త అక్షరాలు చూపే నోట్‌ప్యాడ్‌తో బలవంతంగా తెరిచింది. తెరంతా పిచ్చి గీతలు, డబ్బాలు, చుక్కలు. కిందికి జరుపుతూ పోగా ఒకచోట ఆగిపోయింది. ఇంగ్లీషు అక్షరాల్లో హొన్నమ్మ పేరు. దాని పక్కన వరుసలు. తను స్వయంగా ఎక్కించి, పొద్దునకు మాయమైన వరుసలు.

సవిత చాలాసేపు దాన్ని చూసింది. అంటే ఇది బయటి నుంచి వచ్చిన మన్ను కాదు. తన పనే. ఎవరో సగంలో విరిచేస్తే, కంప్యూటరు పొద్దున్నే లేచి దొరికిన ముక్కలు దొరికినట్టు ఏరి ఒక మూలన పోస్తోంది. ఏరేవాణ్ణి ఆపమంటే ముక్కలు రాకుండా ఉంటాయా? విరిచేవాడు ఎవరన్నది తేలాలి.

చేలో కాయలు మాయమవుతుంటే ఇంట్లో కూర్చుని అడవిపందా, నెమలా అని వాదించుకోవడం దండగ. గట్టు మీద కాపు కాయాలి. మర్నాడు ఆమె టెంపో ఎక్కలేదు. పంపేది పూర్తయ్యేదాకా తను ఇక్కడే ఉంటానని, ఇంటికి పోయేటప్పుడు తీసుకుపొమ్మని దేవరాజ్‌కు చెప్పింది.

గ్యాంగులు వెళ్ళిపోయాక పార్కు వింతగా నిశ్శబ్దమైంది. పొద్దు వాలేకొద్దీ ప్యానెల్ల నీడలు సాగి, ఒక వరుస నీడ ఇంకొక వరుస కాళ్ళ దాకా వచ్చింది. పంపేది ఎంతవరకు పోయిందో చూపే పచ్చటి గీత తెర మీద చీమలా పాకుతోంది. అది సగం దాటేదాకా కదలకుండా కూర్చుని, దాహమేసి, చెంబు పట్టుకుని గది వెనక డ్రమ్ము దగ్గరికి పోయింది. నీళ్ళు ముంచుతుండగా గదిలోంచి కుయ్యోమని ఒక అరుపు వినిపించింది. కంప్యూటరు కింద ఉండే యు.పి.ఎస్. డబ్బా అరుపు అది. దాని బ్యాటరీ ఎప్పుడో చావుకొచ్చింది. కరెంటు పోతే కంప్యూటరును నిలబెట్టలేదు, నాలుగు కేకలు వేసి ఊరుకుంటుంది. సవిత చెంబు అక్కడే వదిలి పరుగెత్తింది.

వరండాలో, గోడకు ఉన్న మెయిన్ బోర్డు దగ్గర చిక్కన్న నిలబడి ఉన్నాడు. చెయ్యి ఇంకా పిడి మీదే ఉంది. పిడి కిందికి దించి ఉంది. లోపల తెర చీకటి.

"మామా!"

చిక్కన్న ఉలిక్కిపడ్డాడు. "ఏం సవితమ్మా, ఇంకా ఇంటికి పోలేదా? అందురూ పోయినారనుకుంటి."

"మెయిన్ ఎందుకు దించినావు మామా?"

అదేం ప్రశ్న అన్నట్టు చూశాడాయన. "మనుసులు పోయినంక మెయిన్ దించకుండా యెట్ల పోతారు?"

"దినాము దించుతావా?"

"ఈ సాయంత్రం డ్యూటీకి వచ్చిన కాడి నుంచి దినాము. నాకు ముందుండిన ఓబులేశుగాడు దించుతాండ్లేదంట, సోమరిపోతు. నేను వచ్చిన మొదటి దినమే చూస్తి, బోర్డులో ఎర్రలైటు ఎలుగుతానే ఉండాది. రూముకేమో తాళం. ఏందిప్పా ఈ అన్యాయం అనుకోని దించేస్తి. పొద్దున మీరొచ్చే యాలకు మల్లా ఎక్కిస్తా." ఆయన గొంతు తగ్గించి, లోపలి డబ్బా వైపు తల ఊపాడు. "అది కొంచేపు అరుస్తాది. మల్లా పండుకుంటాది, పాపం."

సవిత వరండా అరుగు మీద కూర్చుండిపోయింది. ఓబులేశ్ నుంచి సాయంత్రపు డ్యూటీ చిక్కన్నకు మారింది శివరాత్రి తరువాతే. కోపం రావాల్సిన చోట ఆమెకు నవ్వు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎదురుగా ఉన్నది మామగారి వరస, పెద్దాయన; పైగా తన పని తను నిష్ఠగా చేసిన మనిషి.

చిక్కన్న మెయిన్ కథ వల్లూరులో తెలియనివారు లేరు. ఒకప్పుడు ఆయనకు బోరుబావి ఉండేది. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు తనంతట తాను ఆడేలా పెట్టి ఇంటికి పోయేవాడు. ఒకనాడు బోర్లో నీళ్ళు అడుగంటాయి, కరెంటు మాత్రం వచ్చింది. మోటారు గాలిని తోడి తోడి కాలిపోయింది. పూత మీదున్న చేను కళ్ళ ముందే ఎండింది. ఆ నాటి నుంచి ఆయన ఏ చోటు వదిలినా మెయిన్ దించకుండా వదలడు. దేవరాజ్ చెల్లెలి పెళ్ళిలో అందరూ భోజనాలకు లేచారని షామియానా మెయిన్ దించేస్తే, తాళి కట్టబోయే పెళ్ళికొడుకు చీకట్లో తడుముకున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ప్రాంతంలో బోరు నమ్ముకున్న ఇళ్ళలో ఇలాంటి మనిషి ఒకరు లేని ఇల్లు అరుదు.

సవిత ఆయన్ను లోపలికి పిలిచింది. మెయిన్ ఎక్కించి, కంప్యూటరు వేసింది. నల్ల తెర వచ్చింది, తెల్ల అక్షరాలు వచ్చాయి. అన్నీ ఆయనకు చూపిస్తూ, ఏం జరుగుతున్నదో, వరుసలు ఎలా విరుగుతున్నాయో, హొన్నమ్మ కడిగిందే ఎందుకు కడుగుతున్నదో చెప్పింది. చిక్కన్న తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"అంతా నా వల్లనే అయ్యిండాదా?"

"నీ వల్ల గాదు మామా. లోపల పని నడుస్తాండాదని నీకెవురూ చెప్పలేదు."

"ఎవురు చెప్పకపోతే ఏం? చెయ్యి పెట్టినోన్ని నేను గదా. రేపు నందీష్ సారుతో చెప్పి డ్యూటీ వద్దనేస్తా. నీ కుర్చీ పోతే దేవరాజు మొగం యెట్ల చూసేది?"

"నువ్వు మానేస్తే ఇంకొగుడు వస్తాడు. వాడు మెయిన్ దించడు, కంప్యూటరే ఎత్తుకపోతాడు," అంది సవిత. చిక్కన్నకు నవ్వాగలేదు. నవ్వాక ముఖం తేటపడింది. ఆమె మళ్ళీ పంపడం మొదలుపెట్టి, తెర మీది పచ్చ గీతను చూపింది. "ఇది ఈ చివరి దాకా పోవాల. పోయినంక తెర తానే ఆరిపోతాది. అంతవరకు దించద్దు. అంతే."

చిక్కన్న ముందుకు వంగి, గీత ఎక్కడుందో, ఎక్కడి దాకా పోవాలో వేలు ఆనించకుండా గాలిలో కొలిచాడు.

"అంటే కడమడికి, ఆ చివరి మడికి, నీళ్ళు అందల్లేదు ఇంకా," అన్నాడు నెమ్మదిగా. "ఈ ముక్క ముందే చెప్పింటే అయిపోతాండె గదమ్మా! కడమడి తడవకుండా మోటారు ఆపినోన్ని నేను నా జన్మలో మనిసి అనలేదు. నేనే ఆ పని చేస్తినా?"

గది తాళంలో ఉంటుంది కనుక ఆయనకు గీత కనబడదు. సవిత బల్లను జరిపి తెరను కిటికీ వైపు తిప్పింది. మధ్యలో తెర తనంతట తాను మసకబారకుండా మార్చి పెట్టింది. కిటికీలో వెలుగున్నంతసేపూ నీళ్ళు పారుతున్నట్టు, వెలుగు ఆరితే మడి నిండినట్టు. చిక్కన్న వరండాలోకి పోయి, నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి, గేటు దగ్గరికి నడిచి ఇంకొకసారి కిటికీని చూసి వచ్చాడు. మూడు చోట్ల నుంచీ కనబడుతున్నదని తేల్చాడు. అప్పటికి దేవరాజ్ వచ్చి విషయం విని, షామియానా సంగతి ఎత్తబోయాడు. సవిత కళ్ళతోనే అతని నోరు మూయించింది.

మర్నాడు పొద్దున మీట నొక్కగానే కంప్యూటరు నేరుగా తెరుచుకుంది. నల్ల తెర రాలేదు. మసక ఫోల్డర్లు నిన్నటివే ఉన్నాయి, కొత్తది లేదు. సవిత వాటిని తీసేసింది. ఆ తరువాతి రోజూ రాలేదు, ఆ వారమూ రాలేదు. అప్పుడు ఆమె భరత్‌కుమార్ ఏది నొక్కాడో గుర్తుచేసుకుని, వరుస వెంట వరుస వెతికి, ఆపేసిన ఆ సర్వీసును మళ్ళీ నడిపించింది. తప్పు దానిది కాదు. ఊళ్ళో తగాదా పడితే చెల్లాచెదురైన సామాను ఏరి పెట్టినవాణ్ణే దొంగ అన్నట్టుంది తాము చేసింది.

హొన్నమ్మ గ్యాంగుకు కడిగిందే కడగడం తప్పింది. అదంతా నిమ్మకాయ మహిమేనని ఆమె నలుగురికీ చెప్పుకుంది. సవిత కాదనలేదు.

నెలాఖరు మీటింగు గదిలోనే జరిగింది. నందీష్ పావగడ నుంచి వచ్చిన లెక్క చూసి, టోపీ బల్ల మీద పెట్టాడు.

"ఏం మంత్రమేసినావక్కా? ఒక్క వరుస గూడా తప్పలేదే!"

"పంపేది కాకముందే మెయిన్ దించేస్తాండ్రి సార్. ఇప్పుడు అయినంక దించుతాండారు."

"ఎవురు దించుతాండింది?"

ఈ ప్రశ్న వస్తుందని సవితకు ముందే తెలుసు. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. పేరు చెబితే గార్డుల కాంట్రాక్టరు ఏమంటాడో తెలియదు. ఆమె నందీష్ ముఖంలోకి సూటిగా చూసింది.

"సాయంత్రం ఈడుండే మనిసి. ఆయప్ప తప్పు లేదు సార్. లోపల పని నడుస్తాండాదని చెప్పాల్సింది నేను. చెప్పకుండా తాళమేసుకోని పోతాంటి."

నందీష్ కిటికీలోంచి గేటు వైపు చూశాడు. వెంటనే నవ్వు ఆపుకుంటున్నట్టు పెదవులు బిగించాడు.

"చిక్కన్న మామ గదా?"

సవిత తల ఊపింది.

నందీష్ నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. "మా నాయనా ఇంతే అక్కా. నిరుడు బెంగళూరులో మా అక్కోళ్ళింట్లో దిగినాడు. వాళ్ళు ఆఫీసుకు పోతానే మెయిన్ దించి బయట కూర్చున్నాడు. ఫ్రిజ్జులో ఉండేదంతా కంపు కొట్టింది. అడిగితే, ఎవురూ లేని ఇంట్లో మోటారు ఎందుకు ఆడాల అన్నాడు." కళ్ళు తుడుచుకున్నాడు. "పావగడకు నేను చెప్పుకుంటా. కరెంటు సమస్య, తీరిపోయింది అంటా. రూము ఈడే ఉంటాది, నువ్వూ ఈడే ఉండు. యు.పి.ఎస్.కు బ్యాటరీ అడుగుతా. వచ్చినప్పుడు వచ్చినట్టు."

బ్యాటరీ ఇంకా రాలేదు. గది మాత్రం గదిలాగే ఉంది. మధ్యాహ్నం అందులో ఆడవాళ్ళు నడుములు వాలుస్తారు. పక్క బ్లాకు గ్యాంగు లెక్క కూడా ఇప్పుడు సవితే ఎక్కిస్తోంది.

ఒక్క మార్పు మాత్రం ఆమె కోరుకోనిది వచ్చిపడింది. కిటికీలో వెలుగు ఆరితే మెయిన్ దించమని మాత్రమే ఆమె చెప్పింది. చిక్కన్నకు అది చాలలేదు. ఒకసారి తప్పు జరిగిన చోట ఇంకొకరి మాట తోడుండాలన్నది ఆయన నియమం. అందుకని రోజూ సాయంత్రం సవిత పొయ్యి మీద సంగటి కెలుకుతున్న వేళకు ఫోను మోగుతుంది. ఆమె కట్టె వదలకుండా, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంటుంది.

"ఆరిపోయింది సవితమ్మా. దించేస్తాండా."

"దించు మామా."

ఆదివారం ఎంట్రీ ఉండదు, కంప్యూటరు వేయరు. అయినా మొన్న ఆదివారం ఫోను మోగింది.

"సవితమ్మా, ఈ పొద్దు ఎలుగే రాలేదే! ఏమైనా అయ్యిండాదా?"

"ఈ పొద్దు ఆదివారం మామా."

"అట్లనా. అయితే మెయిన్ దించల్లా, వద్దా?"

సంగటి అడుగంటే వాసన వస్తోంది. దేవరాజ్ పళ్ళెం ముందు కూర్చుని నవ్వు ఆపుకుంటున్నాడు.

"దించు మామా," అంది సవిత. "లేకుంటే నీకు కూడు సయించదు."

"అదీ నిజమే," అన్నాడు చిక్కన్న. ఫోను పెట్టేయకుండానే పిడి దించిన చప్పుడు ఆమెకు వినిపించింది.